వెనిగర్ తాగితే బరువు తగ్గుతారా?

తగ్గినా చాలా కొంచెమే. మూడు నెలలు రోజూ తాగినా ఒకటి రెండు కిలోలకు మించి ఆశించలేం, అదీ అందరికీ కాదు.

వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం వల్ల తిన్న అన్నం కడుపులోంచి పేగుల్లోకి మెల్లగా దిగుతుంది. అందుకే కాసేపు ఆకలి అనిపించదు, భోజనం తర్వాత షుగర్ కూడా ఒక్కసారిగా ఎగబాకదు. అంతే. రాత్రి తిన్న బిర్యానీని పొద్దున తాగిన వెనిగర్ కరిగించదు.

పరగడుపున, చిక్కగా తాగితేనే పనిచేస్తుందన్నది చాలామంది అపోహ. పనిచేయడం మాటేమో గానీ, గొంతు, కడుపు మండుతాయి. 5 శాతం ఆమ్లమున్న వెనిగర్ పంటి ఎనామిల్‌ను కరిగిస్తుంది, అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. 250 మి.లీ. నీళ్లలో 1 టేబుల్ స్పూన్ (15 మి.లీ.) కలిపి, భోజనంతో పాటు, స్ట్రాతో తాగాలి. వెంటనే నీళ్లతో నోరు పుక్కిలించాలి. అరగంట దాకా బ్రష్ చేయకూడదు; మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌తో పాటే పోతుంది.

అసలు జాగ్రత్త మందులు వాడేవాళ్లకు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకునే మనిషి ఏమీ తినకుండా వెనిగర్ తాగి, కేబీఆర్ పార్కులో గంట నడిచారనుకోండి: షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకు పొటాషియం తగ్గే ముప్పు ఉంది; గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు పొటాషియం తగ్గితే ప్రమాదం. వీళ్లూ, అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.