చివరి సీటా, ముందు సీటా?

సెలవుల్లో పార్కులకీ ఎగ్జిబిషన్లకీ వెళ్ళబోయే పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: వండర్లాలో రీకాయిల్ రోలర్ కోస్టర్ ఎక్కుదామనుకుంటున్నాం. ముందు వరసే బాగుంటుందని మా అబ్బాయి, వెనకే అసలు మజా అని వాడి ఫ్రెండ్స్. ఎవరి మాట నిజం? భయం తక్కువగా ఉండే సీటు ఏది? (ఒక గృహిణి, నల్గొండ)

జవాబు: ఇద్దరి మాటా నిజమే. మామూలు కోస్టర్లో రైలును గొలుసు పైదాకా లాగి వదిలేస్తుంది. ఆ తర్వాత మోటారు పనేమీ ఉండదు, అంతా బరువు లాగాల్సిందే. ముందు పెట్టె శిఖరం దాటేసరికి మిగతా రైలు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అందుకని ముందువాళ్ళు అంచున ఓ క్షణం వేలాడి, కింద ఉన్నదంతా చూసుకుని, మెల్లగా వంగుతారు. సగానికి పైగా పెట్టెలు అవతలికి ఒరిగాక రైలు వేగం అందుకుంటుంది. చివరి పెట్టె శిఖరం మీదికి వచ్చేసరికి ముందున్నవన్నీ కలిసి దాన్ని ఈడ్చేస్తుంటాయి. ఒళ్ళు సీట్లోంచి లేచి, మనల్ని పట్టి ఉంచే బార్‌కి తగులుకునేది అక్కడే. కడుపులో ఏదో జారినట్టుండేదీ అప్పుడే: లోపలి అవయవాలను పట్టి ఉంచే పొరలకు, కండరాలకు ఆ ఒకటి రెండు సెకన్లు మోయడానికి బరువే ఉండదు.

రీకాయిల్ లాంటి బూమరాంగ్ రకంలో ఇంకో తిరకాసు ఉంది. రైలును వెనక్కి ఎత్తు మీదికి లాగి వదులుతారు. అది స్టేషన్ గుండా దూసుకెళ్ళి, మూడుసార్లు తలకిందులు చేసి అవతలి ఎత్తు ఎక్కుతుంది. అక్కణ్ణుంచి అదే దారిలో వెనక్కి, మళ్ళీ మూడుసార్లు. అంటే పోయేటప్పుడు మొదటి వరసవాళ్ళు వచ్చేటప్పుడు ఆఖరివాళ్ళు! రెండు రుచులూ ఒక్క టికెట్‌కే. భయం తగ్గాలంటే మధ్య వరస అడగండి.

ఇలాంటి కోస్టర్లో భయం కన్నా మెడతోనే పేచీ. భుజాల మీదుగా దిగే బార్‌కి రెండువైపులా మెత్తలుంటాయి. రైలు మెలి తిరిగినప్పుడు తల ఊగి చెవులు వాటికి కొట్టుకుంటాయి. తల ముందుకు వంచి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. తల వెనక దిండుకు అదిమి పెట్టండి, పళ్ళు కలిపి ఉంచండి, కళ్ళు తెరవండి. మలుపు కనిపిస్తే మెడ తనంతట తనే బిగుసుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు దారి కనిపించదు కాబట్టి రైలు ఆగేదాకా తల దిండు మీంచి తీయకండి. జూకాలు, బుట్టలు ముందే తీసి లాకర్లో పడేయండి.

ఇంకో మాట. పొద్దుటి మొదటి ట్రిప్పుల కన్నా మధ్యాహ్నం దాటాక కోస్టర్లు కాస్త జోరుగా నడుస్తాయి. చక్రాల బేరింగుల్లో గ్రీజు వేడికి పల్చబడుతుంది. భయస్తులు పొద్దున్నే ఎక్కేయడం మేలు.

ప్రశ్న: చిన్నప్పుడు కోటప్పకొండ తిరనాళ్ళలో రంగులరాట్నం దిగకుండా తిరిగేవాణ్ణి. ఇప్పుడు 46 ఏళ్ళు. మనవరాలితో ఒక్క రౌండు తిరిగితే కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఇదేమైనా జబ్బా? (ఒక రైతు, నరసరావుపేట)

జవాబు: రాట్నం మీద మాత్రమే అయితే కంగారు పడక్కర్లేదు. మామూలు నడకలో, పక్క మీద దొర్లినప్పుడు కూడా తిరుగుతుంటే ఈఎన్‌టీ డాక్టర్ని కలవండి.

లోపలి చెవిలో మూడు అర్ధవలయపు గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. మనం తిరిగితే ద్రవం కదిలి అక్కడి సన్నని వెంట్రుకల్లాంటి కణాలను వంచుతుంది. రాట్నం ఆగినా ద్రవం వెంటనే ఆగదు. కళ్ళేమో ఆగామంటాయి, చెవి తిరుగుతున్నామంటుంది. వయసుతోపాటు ఆ కణాలు తగ్గుతాయి. దానికి తోడు అలవాటూ పోతుంది. పిల్లలు రోజంతా గిర్రున తిరుగుతూ, పల్టీలు కొడుతూ ఉంటారు. పెద్దవాళ్ళు ఎన్నాళ్ళకోగానీ తిరగరు.

ఖాళీ కడుపుతోనూ, బిర్యానీ తిన్న వెంటనే కూడా ఎక్కొద్దు. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు. గుండ్రంగా తిరిగే రైడ్లు వరసపెట్టి కాకుండా, మధ్యలో అరగంట నేల మీద గడపండి. తిరుగుతున్నప్పుడు బయటి జనాన్ని చూడొద్దు, మీతోపాటే తిరిగే గుర్రం తలనో కమ్మీనో చూడండి. దిగాక కూర్చుని, దూరంగా కదలని వస్తువు మీద చూపు నిలపండి. అల్లం మురబ్బా కొంత పనిచేస్తుంది. అవోమిన్ లాంటి మాత్రలు వికారం ఆపుతాయి కానీ మత్తు తెస్తాయి, డాక్టర్ని అడగందే వేసుకోవద్దు. వేసుకుంటే తిరుగు ప్రయాణంలో బండి నడపొద్దు.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్ళు. కొలంబస్ (ఉయ్యాలలా ఊగే ఓడ) ఎక్కుతానంటే వాళ్ళ నాన్న పక్కన కూర్చోబెట్టాం. బార్ వేసినా పాప దగ్గర జానెడు ఖాళీ ఉంది. ఫర్వాలేదా? (ఒక తల్లి, వరంగల్)

జవాబు: లేదమ్మా, ఫర్వా ఉంది. వరసకంతా ఒకే బార్ ఉన్నచోట అది అందరికన్నా లావైన తొడ దగ్గర ఆగిపోతుంది. పక్కనున్న చిన్నపిల్ల మీద అది వేసినా వేయనట్టే. ఓడ కొసకి వెళ్ళి ఆగి మళ్ళీ జారే క్షణంలో ఒళ్ళు తేలిపోతుంది, ఆ ఖాళీలోంచి పాప జారడానికి అదే అదను. నాన్న చెయ్యి అడ్డం పెట్టినా ఆగుతుందనుకోవద్దు.

బార్ తొడకు ఆని, చెయ్యి దూరనంత బిగువుగా ఉండాలి. పాపను తనంత పిల్లల పక్కన, మధ్య వరసల్లో కూర్చోబెట్టండి. ఓడ మధ్యలో ఊపు తక్కువ, చివరి వరసలు అన్నిటికన్నా ఎత్తుకు లేస్తాయి. అప్పటికీ ఖాళీ ఉంటే దించేయండి, ఏడిస్తే ఏడవనివ్వండి. గేటు దగ్గరి ఎత్తు గీత కూడా వయసు కోసం కాదు, బార్ కొలత కోసం. మడమ ఎత్తు చెప్పులు వేసి గీత దాటిస్తే మోసపోయేది మనమే.

ప్రశ్న: నుమాయిష్‌లాంటి ఎగ్జిబిషన్లలో జైంట్ వీల్ ఎక్కేముందు ఏం చూసుకోవాలి? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ముందు కాళ్ళు చూడండి, తర్వాత పిన్నులు. విప్పి బిగించే చక్రాలకు కాళ్ళ కింద చెక్క దిమ్మలు పేరుస్తారు. అవి అడ్డదిడ్డంగా ఉన్నా, వాన పడ్డ మట్టిలోకి ఒకవైపు దిగబడ్డా వెనక్కి వచ్చేయండి. తొట్టి వేలాడే ఇరుసుకు చివర రంధ్రం, అందులో కొనలు రెండుగా విచ్చుకున్న స్ప్లిట్ పిన్ ఉండాలి. దాని బదులు వంచిన మేకో, చుట్టిన తీగో కనిపిస్తే ఆ చక్రం మనకొద్దు. తలుపు గడియకు తోడు గొలుసు కూడా ఉండాలి.

ఆపరేటర్ పనితనం జనాన్ని ఎక్కించే తీరులోనే తెలిసిపోతుంది. తెలిసినవాడు ఒక తొట్టి నింపగానే చక్రం తిప్పి దానికి ఎదుటిది నింపుతాడు. వరసగా ఒకపక్కే నింపితే బరువు ఒరిగి చక్రం కుదుపుతో తిరుగుతుంది, బ్రేకు మీద భారం పడుతుంది. ఫోన్ చూసుకుంటూ లివర్ పట్టుకున్నవాడి దగ్గర అస్సలు ఎక్కకండి.

ప్రశ్న: రోలర్ కోస్టర్లో మనల్ని తలకిందులు చేసే లూప్ గుండ్రంగా కాకుండా నీటిబొట్టులా ఎందుకు కడతారు? (ఇంటర్ విద్యార్థిని, రాజమండ్రి)

జవాబు: మెడలు విరక్కుండా! మోటారు లేకుండా గుండ్రటి లూప్ పైభాగాన్ని అంటుకుని దాటాలంటే అడుగున కనీసం మన బరువుకు ఆరు రెట్లు ఒత్తిడి పడుతుంది, అదీ ఒక్కసారిగా. లెక్క మీ ఫిజిక్స్ పుస్తకంలోదే, వేసి చూడండి. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టర్‌ను అలాగే గుండ్రంగా కట్టారు, ఎక్కినవాళ్ళు మెడలు పట్టుకుని దిగారు. 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రివల్యూషన్‌కి జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కలు మార్చారు. వేగం ఎక్కువుండే అడుగున వంపు విశాలంగా, వేగం తగ్గే పైన బిగుతుగా పెట్టారు.

ప్రశ్న: కోస్టర్ రైలు ఎత్తు మీదికి ఎక్కేటప్పుడు కింద టకటకమని చప్పుడేమిటి? గొలుసు తెగితే? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: పెట్టె కింద కీలు మీద ఆడే ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. పట్టాల మధ్య పళ్ళ మీద అది ఒక్కొక్క పన్ను దాటి పడుతుంటే వచ్చే చప్పుడది, సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే. గొలుసు తెగినా రైలు వెనక్కి జారేది ఒక్క పన్ను దూరమే. మధ్యలో ఆగిపోతే అది చాలాసార్లు కంప్యూటర్ ఆపిందే: ముందు రైలు తన భాగం ఖాళీ చేయనిదే వెనకదాన్ని వదలదు. బార్ మీరు తీసే ప్రయత్నం చేయకుండా కూర్చోండి, సిబ్బంది పక్కనున్న మెట్ల మీదుగా వస్తారు.

ప్రశ్న: రోలర్ కోస్టర్ ఎక్కితే కిడ్నీలో రాళ్ళు పడిపోతాయట, నిజమా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: నవ్వులాటగా ఉన్నా పరిశోధన జరిగింది. 2016లో అమెరికా పరిశోధకులు సిలికాన్ కిడ్నీ నమూనాలో రాళ్ళు పెట్టి ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో బిగ్ థండర్ మౌంటెన్ అనే కోస్టర్ మీద తిప్పారు. వెనక సీట్లో సుమారు 64 శాతం రాళ్ళు జారాయి, ముందు సీట్లో 17 శాతమే. చిన్న రాళ్ళతో, ఒక్క కోస్టర్ మీద, అదీ నమూనాతో తేలిన మాట. పెద్ద రాయి కదిలి నాళంలో ఇరుక్కుంటే ఆ నొప్పి పగవాడికీ వద్దు. స్కానింగ్ తీయించి సైజు తెలుసుకోండి. అందాకా కొండపిండి ఆకు పప్పు తింటారో మానతారో మీ ఇష్టం గానీ, వెనక సీటు టికెట్ మాత్రం కొనకండి.