బాప్తిస్మం తీసుకున్నాక అమ్మ మాట్లాడట్లేదు, ఇల్లు వదిలేయాలా? నూరంతలు ఎక్కడ? - సమాధానం

తల్లిదండ్రుల్ని "ద్వేషింపకుంటే" నా శిష్యుడు కాలేడని లూకా 14:26లో యేసు అన్న మాటని మీరు అక్షరాలా తీసుకున్నారు బ్రదర్, ఇల్లు వదలాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

1. పక్కన మత్తయి 10:37 పెట్టుకుని చదవండి. అమ్మానాన్నల్ని "నాకంటె ఎక్కువగా" ప్రేమించేవాడు అని ఉంటుంది. ఎవరికి మొదటి చోటు అన్నదే అక్కడ విషయం.

2. మార్కు 7:10-13. ఇది కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి అమ్మానాన్నల్ని చూడటం మానేసినవాళ్లని యేసు గద్దించాడు. కాబట్టి ఇంటికి డబ్బులు పంపడం ఆపొద్దు, అమ్మ ఎత్తకపోయినా ఫోన్ చేస్తూనే ఉండండి.

3. చాలామంది దాటేసేది ఇదే. నా కోసం ఇంటిని, అయినవాళ్లని వదిలినవాళ్లకి నూరంతలు దొరుకుతాయని యేసు చెప్పిన మార్కు 10:30లోనే "హింసలతో పాటు" అని కూడా ఉంది, రెండూ "ఇప్పుడు ఇహమందు" వచ్చేవే, నిత్యజీవం రాబోయే లోకంలో. ఆ లిస్టులో తల్లులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు, అంటే సంఘమే. నాకు మావాళ్లు దూరమైన ఏడాది టైఫాయిడ్ వస్తే చర్చిలో ముందు వరసలో కూర్చునే ఒక పెద్దావిడ వారం రోజులు స్టీల్ క్యారియర్‌లో జావ, చారన్నం తెచ్చింది, అప్పటిదాకా ఆవిడ పేరు కూడా నాకు తెలీదు. మీరు ఆరాధన అవగానే వెళ్లిపోతున్నా అన్నారు కదా, ఈ ఆదివారం ఆగి ఒక్కరికైనా అమ్మ సంగతి చెప్పండి.