నెలసరి సినిమా అమ్మాయిల కంటే ముందు అమ్మలకు చూపించండి

"మా వీధిలో అమ్మాయిలు ఎనిమిది, తొమ్మిది తరగతులకే బడి మానేస్తున్నారు. మా డ్వాక్రా సంఘంలో ఏదైనా సినిమా వేసి చూపిస్తే ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు కదా. ఉంటుందండీ. గుంటూరులో మేం చేసి చూశాం కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మా సంఘంలో చాలామంది మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తారు. 2022లో ఒకమ్మాయి ఎనిమిదో తరగతి మధ్యలో ఆపేసి వాళ్లమ్మ వెంట పనికి రావడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "దానికి చదువు అబ్బలేదక్కా" అనేది వాళ్లమ్మ. మేమూ నమ్మేశాం.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా ఇంట్లో టీవీలో 'పీరియడ్. ఎండ్ ఆఫ్ సెంటెన్స్.' వేశాను. నెలసరి గురించి తీసిన, 2019లో ఆస్కార్ వచ్చిన డాక్యుమెంటరీ, అరగంట కూడా ఉండదు. ఉత్తరప్రదేశ్‌లో హాపుడ్ జిల్లాలోని ఒక పల్లె ఆడవాళ్లు, అరుణాచలం మురుగానందం తయారుచేసిన చిన్న మిషన్ మీద ప్యాడ్లు చేసి ఇంటింటికీ తిరిగి అమ్ముతారు. ఆ మిషన్‌కు డబ్బు పోగుచేసింది ఎక్కడో లాస్ ఏంజెలెస్‌లో ఒక బడి పిల్లలు. హిందీ కాబట్టి నేను ఆపి ఆపి తెలుగులో చెప్పాను. మొదట అందరూ తలలు దించుకున్నారు. ఢిల్లీలో పోలీసు కావాలనుకునే అమ్మాయి కనిపించేసరికి తలలెత్తి చూశారు.

అయిపోయాక టీ ఇచ్చాను. అప్పుడు నోరు విప్పింది ఆ తల్లి. బడిలో బాత్రూం తలుపుకు గడియ లేదట. ప్రభుత్వ 'స్వేచ్ఛ' పథకం కింద అప్పట్లో బడిలో నెలకు 10 ప్యాడ్లు ఇచ్చేవారు, బాగానే ఉంది. కానీ మార్చుకునే చోటేది? నెలకు నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయేది పిల్ల. లెక్కల్లో వెనకబడింది. క్లాసులో లేపి అడుగుతారేమోనని టెన్షన్. చివరికి మానేసింది. ఏడాదిగా ఆమె పక్కనే కూర్చుని తొడిమలు తీసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు!

మర్నాడే తొమ్మిది మందిమి హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మా మాట శ్రద్ధగా విన్నారు. గడియ, బకెట్, మూత ఉన్న చెత్తడబ్బా మేమే తలా వంద వేసుకుని కొన్నాం. జూన్‌లో ఆ పిల్ల మళ్లీ బడికెళ్లింది. పదో తరగతి పాసైంది కూడా.

అందరి విషయంలో ఇలా జరగలేదు. ఇంకో అమ్మాయికి పెళ్లి కుదిర్చేశారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే అధికారులు వచ్చి ఆపారు గానీ, ఆ పిల్ల మాత్రం మళ్లీ బడి గడప తొక్కలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. పెళ్లిచూపుల దాకా రాకముందే ఆ ఇంటికి వెళ్లి ఉండాల్సింది.

మీరు వేసేటప్పుడు మగవాళ్లు ఇంట్లో లేని సమయం చూసుకోండి. ఆరుగురే వచ్చినా వేయండి. ఉపన్యాసం వద్దు. అయ్యాక ఎవరినీ వెంటనే లేవనివ్వకండి, టీ పెట్టండి. మాకు గడియ సంగతి తెలిసింది ఆ టీ దగ్గరే.