మిద్దెపైన పోర్షన్, పాప కోపం

అక్కా, మీ ఉత్తరం చదివినాను. అనంతపురంలో మీ మిద్దెపైన పోర్షన్ ఖాళీగా ఉంటే పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి మొగుణ్ణి తోడుకోని వచ్చింది, బాడుగకీ అడ్వాన్సుకీ ఒప్పుకునింది, మీరు ఇంటిపేరు, సొంతూరు అడిగి "మా చుట్టాలు దిగుతామన్నారమ్మా" అని పంపించేసినారు. జేఎన్‌టీయూలో చదివే మీ పాప "కులం చూసే ఇల్లియ్యలేదు కదా" అని అప్పట్నించి ముఖం తిప్పుకోని తిరుగుతాంది. నాకు అట్లాంటి ఆలోచనే లేదే అని రాసినారు.

మీరు అబద్ధం చెప్తాండారని అనుకోను. మనకే తెలీకుండా లోపల పనిచేసేవి ఉంటాయి. 1998లో అమెరికాలో దీన్ని పట్టుకునే ఒక పరీక్ష వచ్చింది, ఎవరి ముఖానికి మంచి మాటలు తొందరగా జత చేస్తామో, ఎవరికి ఆలస్యం చేస్తామో చూస్తారు, దాన్ని తయారుచేసినోళ్లలో ఒకామె మన సికింద్రాబాద్‌లో పుట్టిన మహ్జరీన్ బనాజీ, తనలో కూడా పక్షపాతం బయటపడిందని ఆమే చెప్పింది. అందుకే నేను మంచిదాన్నా చెడ్డదాన్నా అనే లెక్క వదిలేయండి, అది తెగదు. ఆ రోజు జరిగింది చూడండి. ఇంటిపేరు వినకముందు ఇల్లిచ్చేదానికి రెడీగా ఉన్నారు, విన్నాక చుట్టాలు గుర్తొచ్చినారు. నిజంగా ఎవరన్నా వస్తామన్నారా అక్కా? పనామెకు రోజూ టీ ఇస్తానని కూడా రాసినారు కదా, ఏ గ్లాసులో ఇస్తారు, కడిగినాక ఆ గ్లాసు ఎక్కడ పెడతారు?

ఇంక మారిపోతా అని గట్టిగా అనుకుంటే సరిపోదు, అట్లా వచ్చిన మార్పు గంటల్లోనో రోజుల్లోనో పోతాందని పరిశోధనల్లోనే తేలింది. పద్ధతి మార్చండి. బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, ఎంతమంది ఉండొచ్చు, బండి ఎక్కడ పెట్టాల, ఇవి ముందే కాగితం మీద రాసి పెట్టుకోని ఎవరొచ్చినా అవే అడగండి, అన్నిటికీ ఒప్పుకున్న మొదటోళ్లకే ఇల్లు. ఇంటిపేరు, ఆధార్ కాపీ అడ్వాన్సు తీసుకున్నాకే.

పోర్షన్ ఇంకా ఖాళీనే అంటాండారు కాబట్టి ఈరోజే ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. ఇల్లు మీకే ఇస్తాము, ఆరోజు తప్పుగా పంపించినాను అంటే చాలు, మీ బాధంతా ఆమెకు చెప్పి ఓదార్పు అడగొద్దండి. వేరే ఇల్లు చూసుకోనుంటే సారీ చెప్పి పెట్టేయండి. పాపకు కూడా నువ్వన్నది నిజమే అని చెప్పండి, వెంటనే కరిగిపోవాలని మాత్రం చూడొద్దు.

అన్నగారు వీధిలోవాళ్లు ఏమనుకుంటారో అని అడ్డం పడితే అది తెలీకుండా జరిగేది కాదు, తెలిసి చేసేది. అప్పుడు పాప పక్కనే నిలబడండి, ఆయన ఏమన్నారో నాకు మళ్లా రాయండి.