తడి లెక్కలో తప్పెక్కడ?

ప్రశ్న: బీటెక్ కెమికల్ రెండో ఏడాది. ఇంటర్‌లో కెమిస్ట్రీ మార్కులు బాగానే వచ్చాయి. ఇక్కడ మెటీరియల్ బ్యాలెన్స్ (లోపలికి వెళ్లిన పదార్థానికీ బయటికి వచ్చినదానికీ లెక్క సరిచూడటం) లెక్కలే తప్పుతున్నాయి. ఎందుకు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: పేరు కెమికలే గానీ, ఈ బ్రాంచిలో కెమిస్ట్రీ కన్నా లెక్కలు, ఫిజిక్సే ఎక్కువ. మీ ఊరి మిర్చినే తీసుకోండి. 75 శాతం తడి ఉన్న పండు మిర్చి 100 కిలోలుంది. తడి 10 శాతానికి దిగేలా ఆరబెట్టాలి. ఎంత నీరు పోవాలి? చాలామంది 75లోంచి 10 తీసేసి 65 కిలోలని రాసేస్తారు. ఆ 10 శాతం ఎండిన కాయల బరువు మీద, మొదటి వంద మీద కాదు! మారనిదాన్ని పట్టుకోండి: పొడి పదార్థం 25 కిలోలు. ఎండాక అదే 90 శాతం. 25ని 0.9తో భాగిస్తే 27.8 కిలోల కాయలు. పోయిన నీరు 72.2 కిలోలు.

ముందు డబ్బా గీసి, లోపలికి వచ్చేవీ బయటికి పోయేవీ బాణాలతో గుర్తించి, బేసిస్ (ఎంత పదార్థం మీద లెక్క వేస్తున్నామో; ఇక్కడ 100 కిలోలు) రాసుకున్నాకే సమీకరణం జోలికి వెళ్లండి.

గ్యాస్ లెక్కల్లో ఇంకో గొయ్యి ఉంది. గేజ్ (పీడనం కొలిచే మీటరు) చూపే 2 బార్‌ను అలాగే వేసేస్తారు. అది వాతావరణ పీడనం కన్నా ఎంత ఎక్కువో మాత్రమే చూపుతుంది. వాతావరణ పీడనం కలిపితే అది సుమారు 3 బార్. ఉష్ణోగ్రతేమో కెల్విన్‌లోనే వేయాలి.