కూలింగ్ ప్యాడ్ పేరు అడిగే ముందు ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి చూడండి

మీరడిగింది ఇది: నల్లగొండలో రేకుల గది, ఎండకాలంలో ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టలేనంత కాలుతున్నది, గేమ్ గానీ వీడియో ఎడిటింగ్ గానీ మొదలుపెట్టిన పది నిమిషాలకే నత్తనడక పడుతున్నది, 1500 రూపాయల లోపు ఏ కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక) మంచిది, ఆరు ఫ్యాన్లది తీసుకోవాలా అని.

ఆరు ఫ్యాన్లది వద్దు. ఎందుకో చెప్తాను. కానీ ముందు ల్యాప్‌టాప్ ఆపేసి, మూసి, బోర్లా తిప్పండి. అది గాలి ఎక్కడి నుంచి పీలుస్తున్నదో తెలియకుండా ప్యాడ్ కొంటే, కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే.

కూలింగ్ ప్యాడ్ దేన్నీ చల్లబరచదు. గదిలో ఉన్న గాలినే కొంచెం జోరుగా పైకి తోస్తుంది. గది 42 డిగ్రీలుంటే అది ఊదేది కూడా 42 డిగ్రీల గాలే. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ ఆ గాలిని పీల్చుకుని, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివర ఉన్న సన్నటి రేకుల మధ్య నుంచి బయటికి కొడుతుంది. కాబట్టి గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 75 దగ్గర ఆగిన ప్రాసెసర్ మే నెలలో 95కు పోయిందంటే యంత్రం చెడినట్టు కాదు, గది మారినట్టు. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. ఆ దరిదాపులకు రాగానే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మీరు నత్తనడక అన్నది అదే.

ఇప్పుడు అడుగు భాగం చూడండి. చాలావాటికి స్క్రీన్ మడత ఉన్న వైపు, ఒకటో రెండో జాలీలుంటాయి. బెత్తెడు పొడవు జాలీ కనిపించినా అందులో సగం లోపలి నుంచి ప్లాస్టిక్‌తో మూసే ఉండొచ్చు, అది చూపుకే. టార్చ్ వేస్తే అవతల ఫ్యాన్ రెక్కలు కనిపించే చోటే అసలు దారి. అనుమానం ఉంటే బరువైన పని ఏదైనా నడిపించి, ఫ్యాన్ మోత వచ్చాక, టిష్యూ పేపర్‌ను అరచేతి వెడల్పున చించి ఒక్కో సందు దగ్గర పట్టండి. అతుక్కుంటే పీలుస్తున్నట్టు, ఎగిరితే ఊదుతున్నట్టు. మరీ చిన్న ముక్క పట్టొద్దు, లోపలికి పోతుంది. పీల్చే దారి అడుగున లేకపోతే ఈ ప్యాడ్‌లతో మీకు పెద్దగా పని లేదు. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కు అసలు ఫ్యానే లేదు. దాని కింద ఎంత ఊదినా అడుగు రేకు కొంత చల్లబడుతుంది, అంతవరకే. కొన్ని మోడళ్లు కీబోర్డు సందుల్లోంచి కూడా పీలుస్తాయి. వాటి మీద దుమ్ము పడకుండా అని రబ్బరు తొడుగు వేస్తారు చూడండి, అది ముక్కు మూసినట్టే. ముందు దాన్ని తీసేయండి.

జాలీల జాగా తెలిసింది కదా, దాన్ని కాగితం మీదికి ఎక్కించండి. ల్యాప్‌టాప్ బోర్లా ఉండగానే దాని మీద పాత న్యూస్‌పేపర్ పరచి, అంచుల వెంట మడిచి, జాలీ ఉన్న చోట పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దితే అచ్చు పడ్డట్టు, జాలీ గీతలు పడతాయి. పీల్చే చోట్లను కత్తెరతో కత్తిరించండి. ఇదే మీ కొలత. ప్యాడ్ మీద దీన్ని పరిచేటప్పుడు పెన్సిల్ గీతలున్న వైపు కిందికి ఉండాలి, లేకపోతే కుడిఎడమలు తారుమారవుతాయి. కత్తిరించిన కంతల్లోంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు కనిపించాలి. ఒట్టి ప్లాస్టిక్ చట్రమో, ఫ్యాన్ నడుమ ఉండే గుండ్రటి మోటారు బిళ్లో కనిపిస్తే ఆ ప్యాడ్ మీ ల్యాప్‌టాప్‌కు పనికిరాదు, ఆన్‌లైన్‌లో దానికి ఎన్ని నక్షత్రాల రేటింగ్ ఉన్నా సరే. ఫ్యాన్ నడిబొడ్డున గాలి రాదు, రెక్కల అంచుల దగ్గరే జోరు ఉంటుంది. పెద్ద 200 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కటే ఉన్న ప్యాడ్‌లో ఈ చిక్కు ఎక్కువ: జాలీలు రెండు మూలల్లో ఉంటే గాలి అంతా ఖాళీ నడుముకే తగులుతుంది. జాలీలు రెండు పక్కలా ఉంటే 120 నుంచి 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండున్నది చూడండి. జాలీ ఒక్కటే, అదీ నడుమకు దగ్గరగా ఉంటే పెద్ద ఫ్యాన్ మంచిది, మోత కూడా తక్కువ.

ఇక ఆరు ఫ్యాన్ల సంగతి. అవి 70, 80 మిల్లీమీటర్ల చిన్నవి. ఒక్కోదాని నడుమ మోటారు బిళ్ల, ఒక్కోదాని చుట్టూ చట్రం, ఈ రెండూ పోగా గాలి వచ్చే జాగా మిగిలేది తక్కువ. అరిగి గుర్రుమనే బేరింగులు కూడా ఆరు. అన్నిటికన్నా పెద్ద లోపం కరెంటు దగ్గర ఉంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి వచ్చేది 5 వోల్టుల మీద 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. 3.0 పోర్టు అయితే 900 మిల్లీ ఆంపియర్లు, నాలుగున్నర వాట్లు. ఆ కొద్దిపాటి కరెంటునే ఆరు మోటార్లు పంచుకోవాలి, మళ్లీ అందులోంచే రంగుల లైట్లు వెలగాలి. ఈ లైట్ల మీద నాకు నిజంగా కోపం. గాలికి పెట్టాల్సిన పైసలను వెలుగుకు పెట్టించి, డబ్బా మీద ఫ్యాన్ల లెక్క పెద్ద అక్షరాలతో రాసి, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, ఎంత గాలి తోస్తుందో అడుగున కనీకనిపించకుండా వేస్తారు, కొన్నింటి మీద అదీ ఉండదు. కొనేటప్పుడు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే. ప్యాడ్ మీ పోర్టు ఇవ్వగలిగినదానికి మించి లాగేదైతే దాన్ని ల్యాప్‌టాప్ పోర్టుకు కాకుండా పాత 5 వోల్టుల ఫోన్ చార్జర్‌కు పెట్టండి.

కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. రెండు వాటర్ బాటిల్ మూతలు తీసుకుని ల్యాప్‌టాప్ వెనక కాళ్ల కింద పెట్టండి, జాలీలకు అడ్డం రాకుండా. వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి; విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేడి కనిపించదు. ఒకే గది, ఒకే వేళ, ఒకే పని. మూతలు లేకుండా 15 నిమిషాలు, మూతలతో 15 నిమిషాలు నడిపి గరిష్ఠ వేడి రాసుకోండి. ఆ కాస్త ఎత్తుకే రెండు నుంచి ఐదు డిగ్రీలు దిగితే, మీ యంత్రానికి కావాల్సింది గాలి దారి అని అర్థం, ప్యాడ్ పనిచేస్తుంది. మామూలు ప్యాడ్ దీని మీద ఇంకొన్ని డిగ్రీలు దించుతుంది. మొత్తం ఏడెనిమిది దిగితే మంచి ప్యాడ్ అన్నట్టు. పాతిక డిగ్రీలు దించుతుందని రాసినదాన్ని నమ్మొద్దు. మూతలు పెట్టినా ఒక్క డిగ్రీ కూడా కదలకపోతే తప్పు లోపల ఉండొచ్చు.

ఆ లోపలి తప్పు మన దిక్కున చాలాసార్లు దుమ్మే. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల ఊక దుమ్ము, పత్తి మిల్లుల దగ్గర దూది నూగు, పాలమూరు ఊళ్లలో ఎర్రటి దుబ్బ. రెండేళ్లు వాడిన ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పితే పైకి శుభ్రంగానే ఉంటుంది, రెక్కల మీద సన్నటి పొర తప్ప ఏమీ కనిపించదు. అందుకే చాలామంది బ్రష్‌తో నాలుగుసార్లు దులిపి మళ్లీ బిగించేస్తారు. అసలుది ఫ్యాన్‌కూ, రాగి గొట్టం చివరి రేకులకూ మధ్య ఉన్న సందులో ఉంటుంది. ఫ్యాన్ మరలు తీసి పక్కకు జరిపితే కనిపిస్తుంది: రేకుల నోటికి అడ్డంగా, వేలెడు పొడవున, బూడిద రంగులో ఒత్తుగా అల్లుకున్న పట్టీ. చిమటాతో ఒక కొస పట్టుకుని లాగితే చిన్న గొంగడి ముక్క లాగా మొత్తం ఒకే పీలికగా ఊడి వస్తుంది. గాలి ఆగింది దాని దగ్గరే. అది ఉండగా కింద ఎంత పెద్ద ప్యాడ్ పెట్టినా లోపలికి తోసిన గాలికి బయటికి దారి లేదు. పైగా ప్యాడ్ పెట్టాక లోపలికి పోయే దుమ్ము ఇంకా పెరుగుతుంది. ప్యాడ్ కొన్నవాళ్లు ఏడాదికోసారి, మిల్లుల దగ్గరుండేవాళ్లు ఆరు నెలలకోసారి విప్పించాలి.

మీరే విప్పేటట్టయితే వారంటీ ఉందో లేదో చూసుకోండి, ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. మరలు తీసిన క్రమంలోనే కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి. పొడవు మర పొట్టి దాని చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర ఉబ్బుతుంది. మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్లో పళ్లపుల్ల పెట్టి తిరగకుండా ఆపండి, లేకపోతే అది హద్దు దాటి తిరిగి బేరింగ్ పోతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ బోర్డు దగ్గరికి తేవొద్దు, స్టాటిక్ కరెంటు పుడుతుంది. మూడేళ్లు దాటితే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి రాగి గొట్టానికి చేరేలా మధ్యలో పూసే ముద్ద) కూడా మార్పించండి. రాగి గొట్టం మరల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి, అదే వరుసలో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకదాన్ని ముందే గట్టిగా తిప్పేస్తే ఒక పక్క సరిగా ఆనక, పేస్ట్ మార్చినా వేడి తగ్గలేదంటారు. అడుగు ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా అది బ్యాటరీ ఉబ్బడం. అప్పుడు ప్యాడ్ మాట పక్కనపెట్టి, చార్జింగ్ ఆపి, ముందు బ్యాటరీ మార్పించండి.

ప్యాడ్ ఊదిన గాలిలో చాలాభాగం ల్యాప్‌టాప్‌ను తాకి పక్కలకు జారిపోతుంది. దాన్ని ఆపడానికే చుట్టూ స్పాంజి గట్టు పెట్టి, 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే టర్బో రకాలు వస్తున్నాయి. అవి నిజంగా పదీ పదిహేను డిగ్రీలు దించుతాయి, కానీ మీ బడ్జెట్‌కు చాలా పైన ఉంటాయి, మోత బాగా ఎక్కువ, కరెంటు పోతే ఆగిపోతాయి. మామూలు ప్యాడ్‌కే తలుపు సందులకు అంటించే స్పాంజి టేపును జాలీల చుట్టూ గట్టులాగా అంటించుకోవచ్చు. అయితే ప్యాడ్ ఫ్యాన్ బలహీనమైతే ఆ గట్టు ల్యాప్‌టాప్ సొంతంగా పీల్చుకునే దారిని కూడా మూస్తుంది. టేపు వేశాక లోపలి ఫ్యాన్ అరుపు పెరిగినా, వేడి పెరిగినా వెంటనే పీకేయండి.

మీ రేకుల గదికి ఇంకొకటి. మే నెలలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల కూలర్ బాగా పనిచేస్తుంది. కిటికీకి బయట పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉంచితే గది ఆరేడు డిగ్రీలు దిగుతుంది, ల్యాప్‌టాప్ కూడా దాదాపు అంతే దిగుతుంది. ఏ ప్యాడ్‌కూ తీసిపోదు. కాకపోతే కూలర్ గాలికి నేరుగా ఎదురుగా పెట్టొద్దు, తుంపర్లు పడతాయి. బొంత మీద, పరుపు మీద పెట్టే అలవాటు మానండి; వంటింటి పీట వేసి దాని మీద పెట్టినా చాలు. సినిమాలు చూడ్డానికి, పాఠాలు వినడానికి అయితే విండోస్ పవర్ ఆప్షన్లలో గరిష్ఠ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి తగ్గించండి. ప్రాసెసర్ తన మామూలు వేగం దాటి పరుగెత్తే టర్బో వేగం ఆగుతుంది, వేడి ఒక్కసారిగా దిగుతుంది.

కొనడానికి వెయ్యి నుంచి 1500 మధ్య జెబ్రానిక్స్, కాస్మిక్ బైట్, యాంట్ ఈస్పోర్ట్స్ రకాలు చూడండి, కొంచెం పైకి పోగలిగితే కూలర్ మాస్టర్. పేరు కన్నా మీ కాగితం కొలతే ముఖ్యం. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దుకాణాల్లో రెండు మూడు రకాలకు మించి దొరకకపోవచ్చు, కానీ అక్కడ ల్యాప్‌టాప్ పెట్టి చూసి కొనొచ్చు. రకాలు కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువున్నదే తీసుకుని, వచ్చిన రోజే మూతల పరీక్షను ప్యాడ్‌తో మళ్లీ చేయండి. మూతలకన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ దించకపోతే వాపసు పంపండి. ముందు అంచున ల్యాప్‌టాప్ జారకుండా ఆపే గట్టు ఎత్తుగా ఉంటే టైపు చేస్తుంటే మణికట్టు ఒరుసుకుంటుంది, అదీ చూడండి. చాలా ప్యాడ్‌లకు రెండు కొసలా ఒకే రకం పెద్ద యూఎస్‌బీ పిన్ను ఉన్న కేబుల్ వస్తుంది. ఫోన్ కేబుళ్లలాగా అది అన్ని చోట్లా దొరకదు, పోతే ప్యాడ్ మూలన పడుతుంది. పైసలిచ్చే ముందు డబ్బాలో అది ఉందో లేదో చూసుకుని, ప్యాడ్‌కు దారంతో కట్టేయండి.