ఓడ వేగానికీ ఒక లెక్క ఉండాలి

తమ్ముడూ,

నీ ఉత్తరం, కథ రెండూ చదివాను. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ అభిమానులు, అందులో ఓడని కాంతి కంటే వేగంగా నడిపే వార్ప్ డ్రైవ్ గురించి గంటలకొద్దీ కొట్లాడుకుంటుంటే నీకు విసుగొచ్చిందన్నావు. "కథే కదా, ఇంత పట్టింపు ఎందుకు?" అని అడిగావు. నాకు మాత్రం వాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది. మన కథ పట్టుకుని ఎవరైనా అలా లెక్కలు వేస్తే అంతకంటే ఏం కావాలి?

వాళ్ల గొడవ దేని గురించో కాస్త చెవిపెట్టి విను. కాంతిని మించిన వేగం కుదరదని వాళ్లకీ తెలుసు. ఓడ ముందున్న స్థలాన్ని కుదించి, వెనకది సాగదీస్తే ఆ పని జరగొచ్చని 1994లో మిగెల్ అల్కుబియెర్రె అనే భౌతిక శాస్త్రవేత్త సమీకరణాలతో చూపించాడు. దానికి కావలసిన రుణశక్తి, అంటే సున్నా కంటే తక్కువ శక్తి, అంత మొత్తంలో పుట్టించే దారి ఇప్పటికీ లేదు. దాన్ని వాళ్లు క్షమించేస్తారు. పోయిన వారం నెల పట్టిన దూరం ఈ వారం గంటలో అయిపోతే మాత్రం ఊరుకోరు.

1995లో మొదలైన స్టార్ ట్రెక్ వాయేజర్ సిరీస్ చూడు. ఓడ ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోతుంది. తిరిగి రావడానికి 75 ఏళ్లు. భాగిస్తే కాంతికి 930 రెట్ల పైచిలుకు వేగం. ఓడలో చాలామంది ఇల్లు చూడకుండానే పోతారని ఆ అంకె ఒక్కటే చెప్పేస్తుంది. ఆ లెక్క ఎక్కడ సడలినా వాళ్ల దిగులు మనకి అంటదు.

మనుషుల్ని ఓడలోంచి గ్రహం మీదకి క్షణంలో చేర్చే ట్రాన్స్‌పోర్టర్ సంగతి వేరు. ప్రతి వారం ఓడని గ్రహం మీద దించి చూపించడానికి బడ్జెట్ చాలక పుట్టిందది. ఒక కణం ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే హైసెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం అడ్డొస్తుంది కదా అని అడిగేవాళ్ల కోసం తర్వాత "హైసెన్‌బర్గ్ కాంపెన్సేటర్" అని ఓ పరికరానికి పేరు పెట్టారు. ఎలా పనిచేస్తుందో చెప్పలేదు. అయినా నాకు నచ్చుతుంది, ఆ ప్రశ్నని వాళ్లు పట్టించుకున్నారు కాబట్టి.

నా తొలి కథల్లో ఒకదాంట్లో అంగారకుడి మీదున్న భర్త, భూమ్మీదున్న భార్య ఫోన్‌లో మాట్లాడుకున్నట్టు గబగబా పోట్లాడుకుంటారు. ఒక పాఠకుడు ఆ పేజీ చింపి, అంచున పెన్సిల్‌తో లెక్క వేసి పంపాడు: దూరాన్ని బట్టి మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు. రెండ్రోజులు మనసు పాడైంది. తర్వాత తిరగరాశాను. "నువ్వు తిరిగొస్తావా?" అని ఆమె అడుగుతుంది. మాట వెళ్లడానికి 20 నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో 20. ఆ 40 నిమిషాలూ ఆమె కుర్చీలోంచి లేవదు. నేను రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైన పేజీ అదే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇక నీ కథ. మూడో పేజీలో ఇంధనం అడుగంటిందని కెప్టెన్ వణికిపోయింది, చదువుతూ నాకూ టెన్షన్ వచ్చింది. పదకొండో పేజీకల్లా ఓడ మూడు గ్రహాలు చుట్టేసింది. ఇంధనం ఎక్కడ నింపుకున్నారో, అందుకోసం ఆమె ఏం వదులుకుందో రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ అన్నయ్య